లారీ ఇంజను విప్పే హక్కు

లారీ ఇంజన్ని ఇంటి దగ్గర విప్పి, మళ్ళీ బిగించి, స్టార్టు చెయ్యొచ్చా? మన వైపు ఎవర్నడిగినా "షెడ్డుకి తోలెయ్యక నీకెందుకయ్యా ఆ మసి" అంటారు. అమెరికాలో ఉంటున్న మనవాళ్ళకి మాత్రం ఇదేమంత వింత కాదు. శనివారం పూట పక్కింటాయన గ్యారేజీ తలుపు ఎత్తి ఉంటుంది. లోపల స్టాండు మీద ఇంచుమించు అరటన్ను బరువున్న ఆరు సిలిండర్ల ఇంజను, చుట్టూ నంబర్లేసిన డబ్బాల్లో బోల్టులు. మనం ఓ "హాయ్" పడేసి కాస్ట్‌కోకి పోతాం. ఈసారి ఆ ఇంజను మీద కమ్మిన్స్ అని రాసి ఉంటే ఓ నిమిషం ఆగండి. అది మనకి పరాయిది కాదు. బెజవాడ హైవే మీద మీ బస్సుకి సైడివ్వకుండా సతాయించిన టాటా లారీలో ఉన్నదీ అదే ఇంజను కావచ్చు.

దాని పేరు 6బీటీ. ఆరు సిలిండర్లు, ఒక్కో సిలిండరు బోరు 102 మిల్లీమీటర్లు, స్ట్రోకు 120, మొత్తం 5.9 లీటర్లు. కమ్మిన్స్ కంపెనీ, ట్రాక్టర్లు చేసే కేస్ కంపెనీ కలిసి 1980ల మొదట్లో తెచ్చిన బీ సిరీస్ కుటుంబంలోది. అంటే పుట్టింది పొలం పనులకీ, మట్టి తవ్వే యంత్రాలకీ. 1989 మోడలు నుంచి డాడ్జ్ వాళ్ళు దాన్ని పికప్ ట్రక్కులో పెట్టారు. 1993లో టాటాలూ కమ్మిన్సూ ఉమ్మడి కంపెనీ పెట్టి, జంషెడ్‌పూర్‌లో ఇదే కుటుంబం ఇంజన్లు తయారుచేసి మన లారీలకి బిగించారు. అలా ఒకే ఇంజను అక్కడ వారాంతపు సరదా అయింది, ఇక్కడ బతుకుతెరువు అయింది. రెండు చోట్లా దాన్ని కంపెనీతో సంబంధం లేనివాళ్ళు విప్పి బాగుచెయ్యగలిగారు. ఎందుకు చెయ్యగలిగారు, ఇప్పుడెందుకు చెయ్యలేకపోతున్నారు అనేదే ఈ వ్యాసం. కోడు రాసుకునే మనకి ఇంజన్ల గొడవ ఎందుకంటారా? చివరికొచ్చేసరికి అది మన గొడవే అవుతుంది, చూడండి.

ముందు కొంచెం పాత కథ చెప్పుకోవాలి. రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో పుట్టిన జర్మన్. ఆయన ఆలోచన వినడానికి చాలా సింపులు. గాలిని బాగా నొక్కితే వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి ఇంధనం చిమ్మితే దానంతటదే మండుతుంది, స్పార్కుతో పని లేదు. 1893లో ఆగ్స్‌బర్గ్‌లో మొదటి ప్రయోగం చేస్తే, పీడనం కొలిచే పరికరం పేలిపోయింది. 1897లో జరిగిన అధికారిక పరీక్షలో మాత్రం ఇంధనంలోని శక్తిలో 26 శాతం దాకా పనిగా మార్చి చూపించింది. ఆనాటి ఆవిరి యంత్రాలు దాని దరిదాపుల్లో కూడా లేవు.

అయితే ఆ ఇంజను లారీలో పట్టేది కాదు. సిలిండర్లోకి ఇంధనం చిమ్మడానికి దానికి విడిగా ఒక ఎయిర్ కంప్రెసర్ కావాలి. అది ఇంజనంత గొడవ. అందుకని చాలా ఏళ్ళు డీజిల్ ఇంజన్లు ఓడల్లో, కరెంటు తయారుచేసే చోట్ల ఉండిపోయాయి. డీజిల్ గారు 1913 సెప్టెంబరులో ఇంగ్లండు వెళ్తున్న ఓడ మీంచి మాయమయ్యాడు. తన ఇంజను రోడ్డెక్కడం ఆయన చూడలేదు. 1923, 24 ప్రాంతంలో బెంజ్, డైమ్లర్, మాన్ కంపెనీలు డీజిల్ లారీలు చేశాయి. కానీ అసలు మలుపు 1927. ఆ ఏడాది రాబర్ట్ బాష్ కంపెనీ ఇంధన పంపుల్ని పెద్ద ఎత్తున తయారుచెయ్యడం మొదలెట్టింది. కంప్రెసరు గోల వదిలింది.

ఆ పంపు గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను. ఒక్కో సిలిండరుకీ ఒక్కో చిన్న ప్లంజరు, కింద దాన్ని పైకి తోసే క్యాము. ప్లంజరు ఒంటి మీద ఏటవాలుగా ఒక గాడి. ప్లంజర్ని కాస్త తిప్పితే ఆ గాడి రంధ్రాన్ని ముందుగానో ఆలస్యంగానో తెరుస్తుంది, దాన్ని బట్టి ఎంత డీజిలు వెళ్ళాలో తేలుతుంది. ఇంజను వేగం పెరిగితే గవర్నర్లోని బరువులు బయటికి విచ్చుకుని డీజిలు తగ్గిస్తాయి, తగ్గితే పెంచుతాయి. మొత్తం ఫీడ్‌బ్యాక్ కంట్రోల్ లూపు ఇనుములో రాసేశారన్నమాట. ఒక్క లైను కోడు లేదు. పాత టాటా లారీ బ్యాటరీ చచ్చిపోతే నలుగురు తోస్తే స్టార్టయ్యేది. ఆపాలంటే డీజిలు ఆపే తీగ లాగేవారు. ఒకసారి స్టార్టయ్యాక ఆ ఇంజనుకి కరెంటుతో పనే లేదు.

ఇక మన దేశం సంగతి. యుద్ధం తర్వాత ఇక్కడ తిరిగినవి ఎక్కువగా పెట్రోలు లారీలే. 1953లో కేంద్రం ఒక షరతు పెట్టింది. విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మితే కుదరదు, తయారీ ఇక్కడే మొదలెట్టాలి. జనరల్ మోటార్స్, ఫోర్డ్ పెట్టేబేడా సర్దుకున్నాయి. 1954లో టాటాలు డైమ్లర్ బెంజ్‌తో పదిహేనేళ్ళ ఒప్పందం చేసుకున్నారు. జంషెడ్‌పూర్ నుంచి టాటా మెర్సిడెస్ బెంజ్ లారీలు వచ్చాయి. 1969లో ఒప్పందం అయిపోయాక ముందున్న మూడు మూలల నక్షత్రం పోయి టీ అక్షరం వచ్చింది, ఇంజను మాత్రం అలాగే ఉంది. మద్రాసులో 1948లో మొదలైన అశోక్ మోటార్స్ 1955లో ఇంగ్లండు లేలాండ్‌తో కలిసి అశోక్ లేలాండ్ అయింది. 1951లో బెంగుళూరులో మైకో వచ్చి బాష్ వాళ్ళ పంపులు, నాజిళ్ళు ఇక్కడే చెయ్యడం మొదలుపెట్టింది. ఈ మైకోనే 2008లో పేరు మార్చుకుని బాష్ లిమిటెడ్ అయింది.

టాటా ఇంజన్ల పేర్లలో ఓ చిన్న తమాషా ఉంది. 692 అంటే ఆరు సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు. 697 అంటే ఆరు సిలిండర్లు, 97 బోరు. 407 బండిలో వచ్చిన 497 అంటే నాలుగు సిలిండర్లు, 97 బోరు. అసలు కొలత పేరులోనే ఉంది! మనం వేరియబుల్ పేర్లు పెట్టుకోవడానికి తన్నుకుంటాం గానీ, ఇంతకన్నా మంచి పేరేముంటుంది? పిస్టన్ కొనడానికి వెళ్ళిన కుర్రాడికి చదువు రాకపోయినా పేరు చెబితే సగం పని అయిపోతుంది.

లైసెన్సుల రోజుల్లో కొత్త లారీ దొరకడం గగనం. బుక్ చేసి ఏళ్ళ తరబడి కూర్చోవాలి. ఉన్న లారీనే మూడోసారీ నాలుగోసారీ ఇంజను పని చేయించి నడపడం తప్ప మరో దారి లేదు. ఆ అవసరంలోంచి పుట్టినవే మన ఆటోనగర్లు. విజయవాడలో 1966లో మొదలైన జవహర్ ఆటోనగర్ ఆసియాలోనే పెద్దదని బెజవాడ వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. కొలవడం నా వల్ల కాదు గానీ, లోపలికెళితే నమ్మాలనిపిస్తుంది. ఒక వీధిలో రేడియేటర్లు, ఒక వీధిలో కమాను కట్టలు, ఒక చోట క్రాంకు గ్రైండింగు, మరో చోట బాడీ కట్టడం. ఎవడి పని వాడిదే, ఎవడి దగ్గరికి ఏం పంపాలో అందరికీ తెలుసు. మైక్రోసర్వీసెస్ అని మనం ఈమధ్య పేరు పెట్టుకున్నది ఇదే కదా.

సరే, ఇంతకీ ఇంజను పని అంటే ఏం చేస్తారు? గ్యారేజీలోని అమెరికావాడైనా, షెడ్డులోని మన మేస్త్రీ అయినా చేసేది ఒకటే. ముందు రోగం తెలుసుకోవడం. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతోంది. నల్ల పొగ వస్తే డీజిలు ఎక్కువో, గాలి తక్కువో. తెల్ల పొగ వస్తే డీజిలు సరిగ్గా మండటం లేదు. బ్రీదరు గొట్టంలోంచి గుప్పుగుప్పుమని పొగ వస్తుంటే పిస్టన్ రింగులు అరిగి గాలి కిందికి దిగుతోందన్నమాట. లాగ్ ఫైలు చదవడం లాంటిదే, కాకపోతే ముక్కుతో, చెవితో, కంటితో చదవాలి.

తర్వాత చైన్ బ్లాకు వేసి ఇంజను దించుతారు. హెడ్డు తీస్తారు, సంపు తీస్తారు, కనెక్టింగ్ రాడ్లు విప్పుతారు. ఒక రాడ్డు టోపీ ఇంకో రాడ్డుకి వెయ్యకూడదు, అందుకే నంబర్లు. క్రాంకుని మైక్రోమీటరుతో చాలాచోట్ల కొలుస్తారు. అరిగితే పారెయ్యరు. పావు మిల్లీమీటరు, అర మిల్లీమీటరు ఇలా నిర్ణయించిన మెట్ల ప్రకారం అరగదీసి, దానికి సరిపడా మందమైన బేరింగు మెటల్స్ వేస్తారు. సిలిండరు అరిగితే కూడా అంతే. చాలా లారీ ఇంజన్లలో లైనరు విడిగా వస్తుంది, పాతది లాగి కొత్తది వేస్తారు. 6బీటీకి లైనరు ఉండదు, బ్లాకునే బోరు కొట్టించి అర మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో పెద్ద పిస్టన్లు వేస్తారు.

ఈ మెట్ల దగ్గర కాస్త ఆగాలి. బాగుచేసుకోవచ్చన్న సంగతి ఏదో మెకానిక్కు తెలివితేటల వల్ల దొరికింది కాదు. ఈ ఇంజను అరుగుతుంది, అరిగినప్పుడు ఇంత తీసి ఇంత వెయ్యండి అని గీసినవాడే మొదట్లోనే నిర్ణయించాడు. ఆ కొలతలు పుస్తకంలో అచ్చేశారు. అందువల్లే చెన్నైలో ఇండియా పిస్టన్స్ లాంటి వేరే కంపెనీలు సరిపడా భాగాలు చెయ్యగలిగాయి, మారుమూల ఊళ్ళో లేతు షాపు బతకగలిగింది. మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేసు బహిరంగం.

ఇంటి దగ్గర ఇంజను కట్టడం అంటే ఒంటరిగా కట్టడం అనుకుంటే పొరపాటే. గ్యారేజీలో ఎవరి దగ్గరా బోరింగు మెషీను ఉండదు. బ్లాకూ క్రాంకూ ఊళ్ళో మెషీను షాపుకి వెళ్ళాల్సిందే. మిగతాది ఓపిక. వాల్వులు పేస్టు పెట్టి రుద్దడం, హెడ్డు బోల్టులు మధ్యలోంచి బయటికి వరస ప్రకారం టార్కు రెంచితో బిగించడం, టైమింగు గుర్తులు కలపడం, ఫీలర్ గేజితో ట్యాపెట్లు పెట్టడం. పన్నెండు వాల్వుల 6బీటీకి ఇన్‌టేకు పావు మిల్లీమీటరు, ఎగ్జాస్టు అర మిల్లీమీటరు. ఆఖర్న నాజిలు పైపుల నట్లు వదులు చేసి, ఇంజను తిప్పి, లైన్లో గాలి బయటికి పోగొట్టాలి. అప్పుడు దడదడమంటూ అందుకుంటుంది.

ఆ ఇంజనుకి ఓ ప్రసిద్ధమైన బగ్గు కూడా ఉంది. ముందువైపు టైమింగు గేర్ల పెట్టెలో ఒక చిన్న స్టీలు పిన్ను ఉంటుంది. ఏళ్ళ తరబడి అదురుకి అది వదులై గేర్ల మధ్యలో పడితే పెట్టె పగులుతుంది, ఒక్కోసారి ఇంజనే పోతుంది. వాడుకునేవాళ్ళే దానికి మందు కనిపెట్టారు. పక్క బోల్టు కింద చిన్న రేకు ముక్క పెట్టి బిగిస్తే పిన్ను బయటికి రాలేదు. ప్యాచ్ అంటే అదీ! లోపలికి చూసే అవకాశం ఉంది కాబట్టి వచ్చిన ప్యాచ్.

"అయితే అప్పట్లో అన్నీ తెరిచిన పుస్తకాలే, ఇప్పుడు కంప్యూటర్లొచ్చి చెడగొట్టాయి" అని తీర్మానించకండి. ఆనాడు కూడా ఒక మూసిన పెట్టె ఉంది. అదే ఆ బాష్ పంపు. ప్లంజరుకీ దాని గొట్టానికీ మధ్య సందు కొన్ని మైక్రాన్లు మాత్రమే, వేలితో ముట్టుకోవడానికి కూడా భయపడేవారు. గరిష్ఠ డీజిలు నిర్ణయించే మరకి సీలు వేసి ఉండేది. ఎంత పేరున్న మేస్త్రీ అయినా పంపు విప్పేవాడు కాదు, తీసి పంపు మెకానిక్కు దగ్గరికి పంపేవాడు. కానీ ఆ పంపు మెకానిక్కు ప్రతి పెద్ద ఊళ్ళోనూ ఉండేవాడు. అతని దగ్గర టెస్టు బెంచి ఉండేది, ఏ పంపు ఎన్ని చుట్లకి ఎన్ని సీసీలు పొయ్యాలో చెప్పే పట్టిక ఉండేది. అంటే పెట్టె మూసి ఉంది, తాళంచెవి మాత్రం మన ఊళ్ళోనే ఉంది. తేడా అంతా ఇక్కడే.

తర్వాత ఏమైందో చూద్దాం. డాడ్జ్ పికప్పుల్లో 1998 మధ్యలో ఇరవైనాలుగు వాల్వుల ఇంజనూ, దాంతో ఎలక్ట్రానిక్ పంపూ వచ్చాయి. 2003కి కామన్ రైలు వచ్చింది. ఎప్పుడు, ఎంత, ఎన్ని విడతలుగా డీజిలు చిమ్మాలో ఇప్పుడు గాడి కాదు, కోడు చెబుతుంది. మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుంచి అంతటా బీఎస్-4, మధ్యలో 5 దాటేసి 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6. ఎగ్జాస్టులో ఫిల్టరు, యూరియా ద్రావణం, బోలెడు సెన్సర్లు. ఒక సెన్సరు పోతే డాష్‌బోర్డు మీద పసుపు దీపం, కాసేపటికి ఇంజను పవరు తగ్గించేసుకుంటుంది. లారీ నడిరోడ్డు మీద ఉంటే డ్రైవరు ఎవర్ని పిలవాలి? నలభై ఏళ్ళ అనుభవం ఉన్న మేస్త్రీ వస్తాడు, చెవి పెట్టి వింటాడు, ఇంజను బాగానే ఉందంటాడు. ఆ మాట కంప్యూటరుకి చెప్పే దారి మాత్రం అతని దగ్గర లేదు. కంపెనీ ల్యాప్‌టాపు ఎక్కడో ఉన్న డీలరు దగ్గర ఉంది.

ఇక్కడ పాత ఇంజన్ల అభిమానులు దాటేసే విషయం ఒకటుంది. ఆ నల్ల పొగ. డీజిలు పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 2012లో తేల్చి చెప్పింది. ఆ పొగని అందరికన్నా ఎక్కువ పీల్చింది ఎవరు? ఆటోనగర్లో పన్నెండేళ్ళకే పానా పట్టిన కుర్రాడు. కాబట్టి ఎలక్ట్రానిక్సు వద్దు, పాతవే ముద్దు అంటే నేను ఒప్పుకోను. పొగ తగ్గించడానికి ఆ కోడు కావాలి. దాన్ని ఎవడు పడితే వాడు మార్చేసి ఫిల్టరు పీకెయ్యడమూ కూడదు.

మరి తాళం కంపెనీ చేతిలో ఉంటే గాలికి భద్రతేనా? 2015లో వోక్స్‌వ్యాగన్ సంగతి గుర్తుందిగా. పరీక్షలో ఉన్నప్పుడు ఒకలా, రోడ్డు మీద ఒకలా నడిచే సాఫ్టువేరు, ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల కార్లలో. దాని గుట్టు విప్పింది, 2013లో వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ వాళ్ళు కారు వెనక పరికరాలు కట్టుకుని రోడ్డు మీద చేసిన కొలతలు. అంతెందుకు, మన కథానాయకుడు కమ్మిన్స్‌నే తీసుకోండి. 2013 నుంచి 2023 మోడళ్ళ రామ్ పికప్పుల్లో కాలుష్య నియంత్రణని దాటవేసే పద్ధతులున్నాయన్న ఆరోపణ మీద 167 కోట్ల డాలర్ల పైగా జరిమానా కట్టడానికి 2023 డిసెంబరులో ఒప్పుకుంది, తప్పు చేశామని మాత్రం ఒప్పుకోలేదు. ఎవరూ చూడలేని కోడు పర్యావరణాన్ని కాపాడుతుందని నమ్మమంటే ఎలా?

నా దృష్టిలో గొడవంతా రెండు వేర్వేరు విషయాల్ని కలిపి కట్టెయ్యడం వల్ల వచ్చింది. యూనిక్సు వాడిన ప్రతివాడికీ తెలుసు, రీడ్ పర్మిషను వేరు, రైట్ పర్మిషను వేరు. పొగకి సంబంధించిన సెట్టింగులు మార్చే హక్కుకి సీలు వెయ్యండి, పాత పంపుకి వేసినట్టే. కానీ ఏ సెన్సరు ఏం చెబుతోంది, ఏ ఫాల్టు కోడుకి అర్థమేమిటి, కొత్త ఇంజెక్టరు వేశాక దాన్ని కంప్యూటరుకి పరిచయం చెయ్యడం ఎలా, ఇవన్నీ దాచాల్సిన అవసరం ఏమిటి? ఇది కాలుష్యం పేరు చెప్పి మరమ్మతుల వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకోవడం తప్ప మరోటి కాదు.

ఇది నా ఒక్కడి గోల కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే వాహనాల మరమ్మతు హక్కు చట్టం చేసింది. 2015లో ట్రాక్టర్లతో సహా వాహనాల సాఫ్టువేరు తాళాన్ని మరమ్మతు కోసం తెరవడానికి కాపీరైటు చట్టం నుంచి మినహాయింపు వచ్చింది. మన దగ్గర కాంపిటీషన్ కమిషను 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కారణం, విడిభాగాలూ డయాగ్నస్టిక్ పరికరాలూ బయటి మెకానిక్కులకి దొరకనివ్వకపోవడం. అది అప్పీళ్ళకి వెళ్ళింది, కొందరికి జరిమానా తగ్గింది. కానీ సూత్రం రికార్డుకెక్కింది. 2022 జులైలో కేంద్రం మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, డిసెంబరులో పోర్టలు తెరిచింది. వ్యవసాయ పరికరాలూ, వాహనాలూ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. కాకపోతే పోర్టలు తెరిచినంత మాత్రాన ఆటోనగర్లో షట్టరు తెరుచుకోదు. టెస్టు బెంచీ, పట్టికా ఊరూరికీ చేరినట్టు ఈ సమాచారం కూడా చేరాలి, అదీ తెలుగులో.

అన్నట్టు ఈ ఈసీయూల కోడు ఎక్కడ రాస్తున్నారనుకున్నారు? చాలావరకు బెంగుళూరు, పుణె, హైదరాబాదుల్లో, మనలాంటి వాళ్ళే. ఫాల్టు కోడుకి పక్కన రాసే ఆ ఒక్క వాక్యం, డాక్యుమెంటులో ఇది బయటికి ఇవ్వొచ్చా లేదా అన్న ఆ టిక్కు, ఎవరో మేనేజరు మీటింగులో "రీడ్ యాక్సెస్ కూడా లాక్ చేసేద్దాం" అన్నప్పుడు ఎందుకని అడగడమో, తలూపడమో, ఇవన్నీ మన చేతిలో ఉన్నవే. కొలతలన్నీ పుస్తకంలో అచ్చేసి ఇచ్చిన ఆ పాత డ్రాఫ్ట్స్‌మన్‌కి ఆటోనగర్ అంటే ఏమిటో తెలియదు. మనకి తెలుసు. మీలో ఈ రంగంలో పనిచేసేవాళ్ళుంటే, లోపల ఇంతకన్నా చిక్కు విషయాలేమైనా ఉంటే, నేను చెప్పినదాంట్లో ఏది కుదరదో చెప్పండి, వింటాను.